మాణిక్యం చూశానంది

నమోదు 212

ఏటిపట్టు దిగువ పేటకు చూపరిని నేను. పేరు పుష్పవేణి. చూపరి ఆ రోజు ఏమేం చూసిందో రాసి తెర మీద పెట్టాలని ఖజానా చట్టం. అంటే నేను రాసే ఈ ముక్కలు ఎవరైనా చదువుకోవచ్చు. మొన్న నా వంకాయ కూర మాడిందని ఇందులో రాస్తే, పక్క జిల్లా నుంచి ఎవరో పెద్దావిడ మంట తగ్గించుకోమని సలహా పంపింది. ఆవిడకు నమస్కారం.

ఇవాళ చూసినవి: పశువుల ఆసుపత్రికి వచ్చిన మందులు, ఉప్పునీళ్ళు వడగట్టే మిషనుకు కొత్త జల్లెడ, బడిపిల్లల కోడిగుడ్లు. గుడ్లు పిట్టగుడ్లంత ఉన్నాయి. చూపరికి రెండే మాటలు, చూశాను, చూడలేదు. వర్ణించడం మన పని కాదు. అందుకని గుడ్ల పద్దుకు చూడలేదన్నాను. గుడ్లు తెచ్చినవాడు నా మొహం చూసి, తట్ట నెత్తినెత్తుకుని వెళ్ళిపోయాడు. రేపు పెద్దవి తెస్తాడు.

సాయంత్రం వినికిడి మామూలుగానే జరిగింది. పంపుహౌసు గోడకున్న పెద్ద తెర మీద, మా పేట పేరున సర్కారు ఆ రోజు ఖర్చుపెట్టబోయే ప్రతి పద్దూ పడుతుంది. మైకు దాన్ని పైకి చదువుతుంది. జనం 'చూశావా?' అని అరుస్తారు. నేను చూశానంటే డబ్బు కదులుతుంది. చూడలేదంటే ఆ పద్దు మర్నాడు మళ్ళీ వస్తుంది, ఆ మర్నాడూ వస్తుంది, ఎవరో ఒకరు చూసేదాకా వస్తూనే ఉంటుంది. నిరుడు దోమతెరల పద్దు ఒకటి వానాకాలమంతా అలా వేలాడింది. ఆ కాంట్రాక్టరు కొడుకు పెళ్ళిలో తాళి కట్టే వేళ కూడా మా వాళ్ళు 'చూశావా?' అని అరిచారు. వారం తిరక్కుండా దోమతెరలు వచ్చాయి.

మైకులో చదివే గొంతు మా అక్కది. అక్క పేరు రత్నమాణిక్యం, నాకంటే ముందు ఇక్కడ చూపరి. బడి పైకప్పు వేసినప్పుడు నడివానలో పీట వేసుకుని దాని కింద కూర్చుంది. చుక్క కారినంతసేపూ చూడలేదు, చూడలేదు అంటూనే ఉంది. అలాంటి మనిషి విషజ్వరమొచ్చి పోయింది. అప్పుడు పేటంతా కూర్చుని, పద్దులు చదవడానికి ఆమె గొంతే ఉంచమని ఖజానాను కోరారు. నా గొంతు వింటే ఏట్లో చేపలు ఒడ్డెక్కుతాయని బుల్లబ్బాయి బావ అన్నాడు. బావ అంటే అక్క మొగుడే. కాగితం మీద సంతకం పెట్టిందీ ఆయనే. అప్పట్నుంచి చదివేది అక్క, చూసేది నేను.

బావ రోజూ వినికిడికి అందరికంటే ముందొచ్చి మైకు కింద అరుగు మీద కూర్చుంటాడు. ఖర్చులు వినడానికి కాదని అందరికీ తెలుసు.

నమోదు 213

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు కూర్చున్నాను. రాస్తున్నాను.

వినికిడి మధ్యలో ఒక పెద్ద పద్దు వచ్చింది. "దిగువ పేట కరకట్టకు రాతి కట్టు, మొదటి విడత." అంకె వినగానే వెనక ఎవరో ఈల వేశారు. ఆ పని ఏటివైపు నుంచి పడవ మిషన్లతో చేస్తున్నారు. నేనింకా అటు వెళ్ళలేదు. జనం మామూలుగానే 'చూశావా?' అన్నారు. చూడలేదనడానికి నోరు తెరిచాను.

"చూశాను," అంది మైకు.

అక్క గొంతే. రోజూ పద్దులు చదివే తీరు కాదది. బతికున్నప్పుడు చెప్పినట్టే, ముందు చిన్నగా గొంతు సవరించుకుని, 'శా' దగ్గర కాస్త సాగదీసి.

అందరూ మైకు వైపు తిరిగారు. తర్వాత ఎవరో చప్పట్లు కొట్టారు, ఎవరో దండం పెట్టారు. బావ గ్లాసులో టీ ఆయన చొక్కా మీద పడింది, ఆయనకు తెలియలేదు. తెర మీద డబ్బు కదిలినట్టు ఆకుపచ్చ గీత పడింది.

"మన మాణిక్యం ఎక్కడికీ పోలేదర్రా," అని నూకరత్నం అత్త కళ్ళు తుడుచుకుంది. కట్ట నీడలోనే టీకొట్టు, దాని వెనకే ఇల్లు ఆవిడకి.

నాకు ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి తలుపేసుకుని అక్క ఫొటో వైపు చూడకుండా అన్నం తిన్నాను.

నమోదు 214

పొద్దున్నే గునపం పట్టుకుని కట్ట దగ్గరికి వెళ్ళాను. పైనుంచి చూస్తే ముచ్చటగా ఉంది. రాయి పక్కన రాయి, సందుల్లో సున్నం. పడవ మాట్లాడుకుని ఏటివైపు దిగాను. రాళ్ళ మధ్య గునపం పెట్టి నెట్టాను. ముద్దపప్పులో దిగినట్టు నా పిడికిలి దాకా దిగింది. ఒక్క వరస రాయి, వెనకంతా ఏటి ఇసుక. చేత్తో లాగితే బుసబుస రాలింది.

తిన్నగా పంపుహౌసుకు వెళ్ళి, తెర ముందు నిలబడి, ఈ పద్దుకు నేను చూడలేదని చెప్పాను. తెర మర్యాదగానే జవాబిచ్చింది. "ఈ పద్దుకు చూపరి మాట అందింది. ధన్యవాదాలు."

ఆ ధన్యవాదాలు కూడా అక్క గొంతే చెప్పింది.

నమోదు 216

నిన్నంతా ఫోన్లతో సరిపోయింది. చివరికి జిల్లా ఖజానాలో తెరల అధికారి హేమచంద్ర గారు దొరికారు. మంచిగా మాట్లాడే మనిషి. అలాంటివాళ్ళతోనే నాకు భయం.

"తుఫాన్లకు ముందు పనులు ఆగకూడదు కదండీ పుష్పవేణి గారూ," అన్నారు. "చూపరి మాట రావడం క్షణం ఆలస్యమైనా, ఆ పేటలో నమోదై ఉన్న గొంతు దాని పాత అలవాటును బట్టి చెప్పేస్తుందండి. కొత్త పద్ధతి ఇది. మీ పేటలో నమోదైన గొంతు అక్కయ్య గారిదే."

"ఆవిడ పోయిందండి."

"అయ్యో, తెలుసండి. కానీ గొంతు రద్దు కాలేదు కదండీ. పైగా ఆవిడ మీద నమ్మకం అంకె మీకంటే చాలా ఎక్కువ. ఆవిడ చూశానన్న పని ఒక్కటి కూడా ఇంతవరకు కూలలేదటండి."

చచ్చినవాళ్ళ కళ్ళు చారెడంటారు. ఇక్కడ ఖజానాకు కూడా అలాగే కనబడుతున్నాయి.

"మేం గొంతు ఇచ్చింది చదవడానికండీ. చూడ్డానికి కాదు," అన్నాను.

"కాగితంలో 'వాడుకోవచ్చు' అని ఉందండి. దేనికని లేదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా అడగాల్సింది అడిగాను. దారి ఒక్కటే ఉందన్నారు. గొంతు ఇచ్చినవాళ్ళే, అంటే బావే, వినికిడిలో అందరి ఎదుటా దాన్ని వెనక్కి తీసుకోవాలి. అప్పుడు ఆమె పోయిన తర్వాత ఆ గొంతు చెప్పిన మాటలన్నీ చెల్లకుండా పోతాయి. గొంతు కూడా పూర్తిగా పోతుంది. చదవడానికి కొంచెం, వినడానికి కొంచెం అని దాచుకోవడం కుదరదు. బావ ఫోనులో పెట్టుకుని వినే అక్క గొంతు కూడా తెర నుంచి వచ్చేదే, అదీ పోతుంది.

"ఆలోచించుకోండి," అన్నారు హేమచంద్ర గారు. "వాయుగుండం పట్టింది కదండీ, కాస్త త్వరగా."

నమోదు 217

ఆ వాయుగుండం సంగతి రాయాలి. చదివేవాళ్ళలో మా పక్క తెలియనివాళ్ళు ఉంటారు.

పెద్ద గాలి వచ్చినప్పుడు మా పేటవాళ్ళు కాలవ దాటి ఎగువ బడికి చేరాలి. వంతెన కిందటి తుఫానులో కొట్టుకుపోయింది. పడవలు రావాలి. పడవలు ఏ పేటకు ముందు వెళ్ళాలో తెరే చెబుతుంది. కట్ట గట్టిదని తేలిన పేటకు పడవలు రావు. మా కట్టకు ఆకుపచ్చ గీత పడింది. మాణిక్యం చూశానంది కదా.

పేటలో ఇంటింటికీ తిరిగి గునపం సంగతి చెప్పాను. అందరూ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టారు. ఒక్కరూ నమ్మలేదు. ఇసుక చూపిస్తాను రమ్మంటే, ముసురులో ఏటివైపు ఎవరు దిగుతారన్నారు.

"అదికాదే అమ్మాయ్," అంది నూకరత్నం అత్త, పాలు పొంగకుండా గరిటె తిప్పుతూ. "మీ అక్క చూసేనంటంది. నువ్వు చూళ్ళేదంటన్నావు. ఇద్దర్లో ఎవర్ని నమ్మమంటావే? నువ్వు మంచిదానివే, కాదన్ను. కానీ మీ అక్క మీ అక్కే."

"అత్తా, అది అక్క కాదు. మిషను."

"మిషనైతే గొంతెందుకు సవరించుకుంటాదే?"

నిజం చెప్పాలంటే, వినికిడిలో ఆ చిన్న దగ్గు వినబడినప్పుడల్లా నాకూ ఒక్క క్షణం అక్క వచ్చిందనే అనిపిస్తుంది.

నమోదు 218

బావను అడిగాను. వల తిరగేసి చిరుగులు కడుతున్నాడు. చెప్పిందంతా విన్నాడు, తల ఎత్తలేదు.

"రెండోసారి చంపమంటావేటే పుష్పా?"

"అలా అనకు బావా."

"మరెలా అనమంటావ్? ఆస్పత్రిలో దాని నోట్లో గొట్టం పెట్టేసేరు. ఆఖరి మాట నాతో ఆడ్లేదది. ఇప్పుడు సాయంకాలం అయ్యేసరికి అక్కడ కూకుంటే నాకు ఇనబడతంది. గుడ్లంటది, జల్లెడంటది, నాకేం కావాలే అయ్యి? ఏదో ఒకటి మాటాడతంది కదా."

"కట్ట తెగితే పేట మునుగుతుంది."

"మీ అక్క అబద్ధమాడదే." అప్పుడు తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పైనించి చూసిందేమో. మనకి తెలుసా?"

కోపమొచ్చి వల లాగి అవతల పారేశాను. ఇంతమంది ప్రాణాలకన్నా నీకు మైకు ముఖ్యమా అని అరిచాను. ఆయన లేచి వల తెచ్చుకుని మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. నేను ఏడుస్తూ వచ్చేశాను. బావా, నువ్విది చదువుతావని తెలుసు. అరిచినందుకు ఏమీ అనుకోకు. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నమోదు 219

ఇవాళ వినికిడిలో నాతో పని పడలేదు. తుఫాను దగ్గరపడేకొద్దీ దానికి తొందర పెరిగినట్టుంది, జనం అడగకముందే గొంతు చెప్పేస్తోంది. "దోమల మందు. చూశాను. కాలవ పూడిక. చూశాను. గుడ్లు. చూశాను." గుడ్లు మళ్ళీ పిట్టగుడ్లే వచ్చాయి, పొద్దున నేను తిప్పి పంపాను. అయినా ఆకుపచ్చ గీత పడింది. మొదట్లో చప్పట్లు కొట్టినవాళ్ళు ఇవాళ కొట్టలేదు. పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

ఆఖర్న "శ్మశానం ప్రహరీగోడ," అని చదివింది. కాసేపు ఆగింది. గొంతు సవరించుకుంది.

"చూశాను."

అరుగు మీద బావ రెండు చేతుల్తో చెవులు మూసుకున్నాడు.

నమోదు 220

గాలి మొదలైంది. రేపు సాయంత్రానికి తీరం దాటుతుందంటున్నారు.

పొద్దున తలుపు తీసేసరికి బావ వాకిట్లో ఉన్నాడు. చేతిలో గునపం.

"రాసిందంతా చదివేను. పద, చూపించు," అన్నాడు.

నాటు పడవలో ఏటివైపు వెళ్ళాం. నేను పెట్టిన కన్నం ఇంకా అలాగే ఉంది. ఆయన గునపం వాడలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, రాళ్ళ సందులో మోచేతి దాకా దూర్చాడు. పిడికెడు ఇసుక తీసి నీళ్ళలో వదిలాడు. మళ్ళీ దూర్చాడు. అలా ఎంతసేపు చేశాడో. పడవ ఊగుతోంది, వెళ్దామంటే వినడు.

"అదుంటేనా," అన్నాడు చివరికి, "ఇక్కడే చాపేసుకు కూకునేది. డబ్బులిచ్చేదా? తిట్లిచ్చేది."

"అవును బావా."

"ఇంతకాలం దాన్ని మాట పడనిచ్చేను కాదే నేను. ఇప్పుడు దాని నోటంట ఈ దొంగ మాట చెప్పించేరు." తడి చెయ్యి చొక్కాకు తుడుచుకుని తెడ్డు అందుకున్నాడు.

ఇవాళ వినికిడి వానలోనే జరిగింది. గొనెపట్టాలు కప్పుకుని పేటంతా వచ్చారు. కట్ట పద్దు మళ్ళీ వచ్చింది, ఈసారి చివరి విడత. ఎవరూ అడగలేదు, అయినా గొంతు చూశానంది.

బావ అరుగు దిగి తెర ముందుకెళ్ళాడు. "ఈ మాట ఈవిడిది కాదు," అన్నాడు గట్టిగా. "నేనిచ్చిన గొంతు నేను ఎనక్కి తీసుకుంటన్నాను."

ఆ తర్వాత ఏం జరుగుతుందో హేమచంద్ర గారు నాకు చెప్పలేదు. బహుశా ఆయనకూ తట్టి ఉండదు. అలాంటప్పుడు తెర తిరిగి ప్రశ్నలు అడుగుతుంది. మా తెరకున్నది ఒకటే గొంతు.

"ఎవరి గొంతు తొలగించాలో పేరు చెప్పండి," అంది అక్క.

కాపురం చేసినన్నాళ్ళూ 'ఇదిగో', 'ఏమే' తప్ప ఆయన ఆమెను పేరుపెట్టి పిలవగా నేను వినలేదు. పెదవులు రెండుసార్లు కదిలి ఊరుకున్నాయి.

"రత్నమాణిక్యం," అన్నాడు.

"రత్నమాణిక్యం గొంతు పూర్తిగా పోతుంది. మళ్ళీ రాదు. తొలగించమంటారా?"

"ఊఁ."

"వినబడలేదు. దయచేసి స్పష్టంగా చెప్పండి."

నూకరత్నం అత్త పైట నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నేను బావ పక్కకెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"తీసెయ్యి," అన్నాడు. ఆ వెంటనే, ఇంట్లో అన్నట్టే నెమ్మదిగా, "ఇంక పడుకోవే," అన్నాడు.

మైకులో చిన్నగా గొంతు సవరించుకున్న చప్పుడు వచ్చింది. మాట మాత్రం రాలేదు.

కట్ట పద్దు ఎర్రబడింది. జనం నా వైపు తిరిగారు. ఈసారి అడిగింది నూకరత్నం అత్త. "చూసేవా అమ్మాయ్?"

"చూడలేదు," అన్నాను.

తెర మీద పడవల పట్టీలో మా పేట పేరు పైకెక్కింది. మొదటి పడవ రావడానికి ఎక్కువసేపు పట్టలేదు.

నమోదు 223

ఎగువ బడిలో ఉన్నాం. ఫోను ఇప్పుడే పనిచేస్తోంది.

కట్ట తెగింది. బావ చెయ్యి దూర్చిన చోటే మొదలైందని చూసినవాళ్ళు చెప్పారు. టీకొట్టు లేదు, పంపుహౌసు సగం ఉంది, మా ఇల్లు చూరు దాకా నీళ్ళలో ఉంది. మనుషులందరూ ఉన్నారు. మేకలు కొన్ని పోయాయి. కాంట్రాక్టరు మీద విచారణ అన్నారు, హేమచంద్ర గారిని సెలవు మీద పంపారట.

నాకెవరూ కృతజ్ఞతలు చెప్పలేదు, నేనూ ఎదురుచూడలేదు. బావ వైపు మాత్రం ఎవరూ సూటిగా చూడలేకపోతున్నారు. ఆడవాళ్ళు వంతులేసుకుని ఆయన కంచంలో ముందు వడ్డిస్తున్నారు. చీకటి పడే వేళకు ఆయన లేచి వరండాలోకి వెళ్తాడు. అక్కడ మైకు ఏదీ లేదు. కాసేపు నిలబడి వస్తాడు.

నమోదు 231

పంపుహౌసు గోడ నిలబెట్టారు. తెర వెలిగింది. ఇవాళ మళ్ళీ వినికిడి. మైకులో చదివింది నేనే. పిల్లలు నవ్వారు, చేపలు ఒడ్డెక్కలేదు. బియ్యం, టార్పాలిన్లు, చచ్చిన పశువుల తరలింపు, ఒక్కొక్కటీ చదివాను, అడిగారు, చెప్పాను.

అన్నిటికన్నా అడుగున ఒక పద్దు ఉంది. అలాంటిది ఒకటి వస్తుందని నేను అనుకోలేదు. సర్కారు పెట్టిన ప్రతి ఖర్చూ తెరకెక్కాల్సిందే కదా, దీన్నీ ఎక్కించారు.

"పూర్వపు చూపరి రత్నమాణిక్యం గొంతు తొలగింపు. మిషను ఖర్చు."

చదివి ఆగాను. జనం 'చూశావా?' అనాలి. ఎవరూ అనలేదు. వాన చినుకులు టార్పాలిన్ మీద పడుతున్నాయి. బావ తల వంచుకుని కూర్చున్నాడు. నేనే మైకు కట్టేశాను.

నమోదు 246

ఆ పద్దు రోజూ వస్తోంది. రోజూ అక్క పేరు పైకి చదువుతున్నాను. ఎవరూ అడగరు, నేను చెప్పను, మర్నాడు మళ్ళీ వస్తుంది. ఎప్పట్లాగే అందరికంటే ముందొచ్చి అరుగు మీద కూర్చునే బావ, ఆ ఒక్కటీ విని లేస్తాడు. దాని గురించి ఎవరూ ఎవరితోనూ ఏమీ అనుకోలేదు. పనులున్నవాళ్ళు కూడా అది చదివేదాకా ఆగుతున్నారు.

ఇవాళ ఖజానా నుంచి కొత్త అధికారిణి ఫోను చేసింది. చిన్నపిల్ల గొంతు.

"మేడమ్, మీ పేటలో ఒక్క పద్దు అలా వేలాడుతోందండీ. చాలా చిన్న మొత్తం. ఆ రోజు మీరు అక్కడే ఉన్నారు కదండీ?"

"ఉన్నానండి. ఆయన పక్కనే."

"మరి చూశానని ఒక్క మాట అంటే అయిపోతుంది కదండీ."

"చూడలేదండి," అన్నాను.

ఆమె ఏదో టైపు చేసిన చప్పుడు వినబడింది. తర్వాత సరేనంది.

అబద్ధమే చెప్పాను. చెయ్యి పట్టుకుని నిలబడి మరీ చూశానని 220వ నమోదులో నేనే రాశాను, అది చెరిపే వీల్లేదు. ఈ దినచర్య చదివే ప్రతి ఒక్కరికీ నేను అబద్ధమాడుతున్నానని తెలుసు. ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.